బయటి చెవి

విమానం రెక్క కింద గాజు గొట్టం ఆనించి పైకి నొక్కితే పెట్రోలు సన్నటి ధారగా దిగింది. చాంద్‌పాషా గొట్టాన్ని ఎండకెదురుగా ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. అడుగున నీటిబొట్టు లేదు, నలుసు లేదు. లేత నీలం రంగులో తేటగా ఉంది. దాన్ని డబ్బాలో పోసి, మోకాలి మీద అరచెయ్యి ఊతగా పెట్టి లేచి, రెండో రెక్క వైపు నడిచాడు. పంకాల ముందు నుంచి కాదు, తోక చుట్టూ తిరిగి. ఇంజన్లు ఆగి ఉన్నా సరే, అతను పంకా ముందు నుంచి నడవడు. కొత్తగా పనిలో చేరిన వాళ్ళకు మొదట నేర్పేది కూడా అదే.

బక్కపలచని మనిషి. గడ్డం సగం తెల్లబడి, సగం గోరింటాకు రంగులో ఉంటుంది. ఎడమ బొటనవేలి గోరు మధ్యకు చీలి అట్లాగే పెరిగింది. ఖాకీ ప్యాంటు మోకాళ్ళ దగ్గర నూనె మరకలతో గట్టిపడి, విడిచి పక్కన పెడితే దానంతటదే నిలబడుతుందని అతని భార్య ఖమర్ బీ నవ్వుతుంది.

జనగామ నుంచి జఫర్‌గఢ్ పోయే తొవ్వలో, ఎర్రమట్టి చెలకల నడుమ, విమానం నడపడం నేర్పే బడి అది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గాలిమోటర్ల బడి అంటారు. ఒక పొడుగాటి రేకుల షెడ్డు, ఒక రన్‌వే, ఆఫీసు, క్యాంటీను. చిన్న విమానాలు కొన్ని. వాటిలో రెండు ఇంజన్లది ఒక్కటే. చాంద్‌పాషా అక్కడ ఇంజనీరు కాడు, మెకానిక్కు కూడా కాడు. హెల్పరు. విమానాన్ని తోసుకొచ్చి నిలబెట్టడం, చక్రాలకు అడ్డంగా చెక్క దిమ్మెలు పెట్టడం, తియ్యడం, నూనె తుడవడం, పెట్రోలులో నీళ్ళున్నాయేమో చూడడం. హైదరాబాదులో కూడా అవే పనులు చేసి, ముసలితనానికి సొంత ఊరి దగ్గర ఉందామని ఇటు వచ్చాడు.

అయితే ఒక్క పనిలో మాత్రం అతనికి పేరుంది. రెండు ఇంజన్లు ఒకే వేగంతో తిరగకపోతే ఆ రెండు చప్పుళ్ళ మధ్య ఇంకో చప్పుడు పుడుతుంది. ఉయ్యాల ఊగినట్టు లేస్తూ పడుతూ ఉంటుంది. వేగాలు దగ్గరయ్యే కొద్దీ ఊగు నెమ్మదిస్తుంది. ఒకటైనప్పుడు ఆగిపోతుంది. ఇంజనీరు లోపల కూర్చొని మీటర్లు చూస్తుంటే, చాంద్‌పాషా బయట నిలబడి వినేవాడు. చప్పుడు ఊగుతుంటే చెయ్యి ఊపేవాడు, ఒకటిగా నిలిస్తే అరచెయ్యి చాపి కదలకుండా పట్టేవాడు. లోపల కన్ను, బయట చెవి అని ఆ షెడ్డులో దానికొక మాటే ఉంది.

ఆ చెవి అతనికి బడిలో రాలేదు. అబ్బాది, అంటే అతని తండ్రిది, పెళ్ళిళ్ళకు వాయించే బ్యాండు. ఊరేగింపు బయలుదేరేముందు క్లారినెట్లు రెండూ కలిశాయా లేదా చూడటానికి అబ్బా పిల్లవాణ్ణి వీధి చివర నిలబెట్టేవాడు. దగ్గర నిలబడితే వాయించేవాడికి తనదే వినబడుతుంది, దూరం నుంచి వింటేనే రెండూ ఒకటయ్యాయో లేదో తెలుస్తుంది అనేవాడు. కలిసినప్పుడు పిల్లవాడు చెయ్యి చాపి పట్టాలి. తరువాత బ్యాండుకు గిరాకీ పోయింది. ఆ చెయ్యి మాత్రం ఇంజన్ల దగ్గర పనికొచ్చింది.

ఇప్పుడు ఆ చెవి పోయింది. ఒక్కసారిగా పోలేదు. ముందు పిట్టలు పోయాయి. తరువాత కుక్కర్ విజిల్ పోయింది. భూపాలపల్లిలో ఉన్న కూతురు తరన్నుమ్ ఫోన్ చేస్తే, రెండు మాటలు తనే మాట్లాడి, అవతలివాళ్ళు మొదలుపెట్టేసరికి ఫోన్ ఖమర్ బీ చేతిలో పెట్టడం అలవాటైంది. ఇంట్లో ఏం అడిగినా సరే అనేవాడు. ఆ సరేలతో బామ్మర్ది హఫీజ్‌కు స్కూటర్ వారం రోజులు ఎరువిచ్చాడు, కాజీపేటలో ముక్కూ మొహం తెలియని వాళ్ళ పెళ్ళికి వస్తానని మాటిచ్చాడు. ముసలితనానికి మొగుడికి మంచి బుద్ధి వచ్చిందని ఖమర్ బీ చుట్టాలందరికీ చెప్పుకుంది.

బడిలో కూడా ఎవరికీ తెలియనివ్వలేదు. చెవి సరిగా లేనివాణ్ణి తిరిగే పంకాల దగ్గర నిలబడనివ్వరు. అది కాగితం మీది రూలు మాత్రమే కాదు. వెనక నుంచి అరిస్తే వినబడనివాడు పంకాలోకి నడిచిపోతాడు. ఆ సంగతి అందరికంటే తనకే బాగా తెలుసు. అయినా, బయటి చెవి లేకపోతే చాంద్‌పాషా ఎవరు? దిమ్మెలు పెట్టడానికి ఎవరైనా వస్తారు.

ఎట్లా నెట్టుకొచ్చాడంటే, రేకుతో. ఒకరోజు ఇంజన్లు నడుస్తుంటే అలసి షెడ్డు గోడకు చెయ్యి ఆనించాడు. ఆ ఊగు రేకులోంచి అరచేతికి ఎక్కింది. లేస్తూ, పడుతూ. చెవి వదిలేసినదాన్ని చెయ్యి పట్టుకుంది. అప్పటి నుంచి ఒక చెయ్యి వెనక రేకు మీద, ఒక చెయ్యి ముందుకు చాపి నిలబడేవాడు. పెద్దమనిషి, నడుం నొప్పేమో, గోడకు ఆనుకున్నాడు అనుకున్నారు.

అయితే షెడ్డు వెనక పెద్దులు అనే రైతు కోళ్ళఫారం పెట్టాడు. ఈ చప్పుడుకు కోళ్ళు గుడ్లు పెట్టడం లేదని వచ్చి గేటు దగ్గర కూర్చున్నాడు. పంచాయితీ అయింది. ఇక మీదట ఇంజన్లు పరీక్షించాలంటే విమానాన్ని రన్‌వే అవతలి చివరకు తీసుకుపోవాలని మేనేజరు ఒప్పుకున్నాడు. పెట్రోలు ట్యాంకరు నడిపే ఎల్లేశ్ దానికి వారమంతా నవ్వాడు.

"మా ఇంటి కోడి డీజే ముంగట గూడ గుడ్డు పెడ్తది. పెద్దులు కోళ్ళకే గంత నాజూకు ఎందుకో?"

అందరూ నవ్వుతుంటే చాంద్‌పాషా కూడా నవ్వాడు. లోపల మాత్రం, అవతలి చివర రేకు ఎక్కడుంటుంది అని ఆలోచిస్తున్నాడు.

పొద్దెక్కుతుండగా రెండు ఇంజన్ల విమానం దిగింది. పొద్దున తేట పెట్రోలు చూసి పంపింది దాన్నే. విమానం నేర్పే సాంసన్ సార్ దిగి, కుడి ఇంజన్ మీటరు ముల్లు నిలకడగా ఉండటం లేదని, అరగంట నడిచాక మొదలైందని ఇంజనీరు సుమనకు చెప్పాడు. సుమనది మహబూబాబాద్ దగ్గర తండా. వాళ్ళ ఇంట్లో మొదట కాలేజీ చూసింది ఆ పిల్లే. ఆరేళ్ళ కింద కొత్తగా చేరినప్పుడు ఇంజన్ చప్పుడుకు చెవులు మూసుకునేది. ఆ చెవుల మీది చేతులు తీయించి, ఇది విను, ఇప్పుడు ఇది విను అని నేర్పినవాడు చాంద్‌పాషా. లైసెన్సు వచ్చిన రోజు ఆమె తండ్రి మాన్‌సింగ్ తండా నుంచి తేనె సీసా తెచ్చి అతని చేతిలో పెట్టాడు. నలుగురిలో ఆమెను మేడం అంటాడు, ఎవరూ లేనప్పుడు బిడ్డ.

సుమన అతని ముందుకొచ్చి నిలబడి, చేతులు తిప్పుతూ చెప్పింది. ముఖం చూస్తూ వింటే అతనికి చాలావరకు అందుతుంది.

"ముల్లే ఊగుతుందా, ఇంజనే ఊగుతుందా తెల్వాలె చాచా. ముల్లయితే మీటరు మారుస్త. ఇంజనైతే పెద్ద పనే. పంకా తిరుగుడును లెక్కవెట్టే మిషన్ హైదరాబాద్‌కు మరమ్మత్తుకు పోయింది గద. నువ్వే నాకు మిషన్."

వేడి చల్లారకముందే విమానాన్ని అవతలి చివరకు తీసుకుపోయారు. చుట్టూ ఎండిన గడ్డి, ఎర్రమట్టి, దూరంగా ముళ్ళకంచె. గోడ లేదు, రేకు లేదు. చాంద్‌పాషా తన జాగాలో నిలబడ్డాడు. రెండు ఇంజన్లూ లేచాయి. పంకాల అంచులు మాయమై రెండు బూడిదరంగు పళ్ళేలయ్యాయి. గాలి ప్యాంటును కాళ్ళకు అంటించింది. అతనికి వినబడింది ఒక్కటే, దుప్పటి కప్పుకొని వింటున్నట్టు ఒక మొద్దు హోరు. అందులో లేవడం లేదు, పడటం లేదు. కాలి మడమలతో నేలను నొక్కి చూశాడు. మెత్తటి మట్టి ఏమీ చెప్పలేదు.

అద్దం వెనక సుమన ముఖం అతని వైపు తిరిగింది. అడుగుతోంది.

అతను ఆలోచించాడు. పోయిన నెల ఇదే విమానంలో ఎడమ మీటరు చెడిపోయింది. ముల్లు ఇట్లాగే ఊగింది. ఇది కూడా అదే అయి ఉంటుంది. మీటర్లు రెండూ ఒకనాటివే. ఒకటి పోయాక రెండోది పోదా? చెయ్యి ఎత్తకుండా ఇంకాసేపు నిలబడితే ఆమె దిగి వస్తుంది. వచ్చి ఏమైంది అని అడుగుతుంది.

అరచెయ్యి చాపి, కదలకుండా పట్టాడు.

అద్దం వెనక సుమన ముఖం ఒక క్షణం అట్లాగే ఉండిపోయింది. తరువాత తలూపి ఇంజన్లు ఆపింది.

మీటరు మార్చడానికి మధ్యాహ్నం దాటింది. తిండి దగ్గర అతను సగం రొట్టె తిని డబ్బా మూసేశాడు. ఎల్లేశ్ ఏదో అన్నాడు, అతను సరే అన్నాడు. ఎల్లేశ్ నవ్వి అతని డబ్బాలో మిగిలిన కూర తీసుకున్నాడు. కొత్త మీటరు పెట్టి మళ్ళీ నడిపి చూస్తే ముల్లు గోడకు కొట్టిన మేకులా నిలిచింది. పెద్దులు కోళ్ళకు పగటి నిద్ర వేళ కాబట్టి ఎక్కువసేపు నడపలేదు. సుమన సంతకం పెట్టింది. విమానం తిరిగి షెడ్డు ముందుకు వచ్చింది.

సాయంత్రం దాన్ని నడపాల్సింది అక్షయ అనే పిల్ల. సాంసన్ సార్ పక్కన కూర్చుంటాడు. కాళేశ్వరం దాకా పోయి, గోదావరి మీద ఒక చుట్టు తిరిగి రావాలి. కాటారం దాటిన తరువాత కింద దిగడానికి జాగా ఉండదు, అంతా అడవే. ఆ పిల్ల జడను మడిచి పిన్ను పెట్టుకొని, విమానం చుట్టూ నడుస్తూ ఒక్కొక్కటే తట్టి చూసుకుంది. కుడి ఇంజన్ దగ్గర ఆగి, దిమ్మె పక్కన కూర్చొని ఉన్న చాంద్‌పాషాను ఏదో అడిగింది.

"ఆఁ" అన్నాడతను.

పిల్ల ముఖం తేలికపడింది. నవ్వి, రెక్క మీదికెక్కి లోపలికి పోయింది. ఆమె పోయాక ఆ పెదవుల కదలిక అతని కళ్ళ ముందు మళ్ళీ ఆడింది. ఇంజన్ మంచిగయిందా అంకుల్, అని అడిగింది. తను ఆఁ అన్నాడు. స్కూటర్ ఇచ్చినట్టు, కాజీపేట పెళ్ళికి వస్తానన్నట్టు అన్నాడు.

లోపల నుంచి సాంసన్ సార్ బొటనవేళ్ళు రెండూ బయటికి చూపించాడు. దిమ్మెలు తియ్యమని. చాంద్‌పాషా దిమ్మె మీద చెయ్యి పెట్టాడు. తియ్యలేదు. సార్ మళ్ళీ చూపించాడు. అతను దిమ్మెను ఇంకా లోపలికి నెట్టి, దాని మీద చెయ్యి అట్లాగే ఉంచి కూర్చున్నాడు.

షెడ్డులోంచి సుమన వచ్చి ముందు వంగింది.

"ఏమైంది చాచా? దిమ్మె ఇరికిందా?"

"నాకు ఇనబడలే బిడ్డ."

"దిమ్మె ఇరికిందా అంటున్న."

"గిప్పుడు కాదు. పొద్దుగాల. ఇంజన్ ఊగిందో లేదో నాకు ఇనబడలే. ఊకనే చెయ్యి పట్టిన."

సుమన లేచి, సాంసన్ సార్ వైపు చూసి గొంతు మీద చెయ్యి అడ్డంగా గీసింది, అంటే ఆపెయ్యమని. ఇంజన్లు ఇంకా మొదలే కాలేదు, అయినా చేసింది. తరువాత మళ్ళీ అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఎప్పటిసంది?"

"ఏడాది అయితుండొచ్చు. రేకు మీద చెయ్యి పెడితె తెలిసేది. అవుతల రేకు లేకపాయె."

"నాకు లోపట జర ఊగినట్టే అనిపించింది చాచా." ఆమె పెదవులు వణకడం వల్ల చదవడం కష్టమైంది, ముందుకు వంగి చూశాడు. "నీ చెయ్యి కదల్లేదని, నా చెవే తప్పనుకున్న. సంతకం పెట్టిన. ఆ పిల్లను ఎక్కించిన."

అతను దిమ్మె మీది మట్టిని చీలిన గోటితో గీకుతూ ఉండిపోయాడు.

విమానాన్ని మళ్ళీ అవతలి చివరకు తీసుకుపోయారు. ఈసారి పెద్దులు గేటు దగ్గరికి వచ్చినా ఎవరూ లెక్కచెయ్యలేదు. సుమన లోపల కూర్చోలేదు. సాంసన్ సార్‌ను కూర్చోబెట్టి తను బయట, చాంద్‌పాషా ఎప్పుడూ నిలబడే దూరంలో నిలబడింది. అతను ఆమె పక్కన, రెండడుగులు వెనక. ఇంజన్లు చాలాసేపు నడిచాయి. నూనె వేడెక్కేదాకా ఏమీ లేదు. ఆమె చెయ్యి చాపి, కదలకుండా ఉంది. అతను విమానం వైపు చూడలేదు, ఆ చెయ్యినే చూశాడు. చాలాసేపటికి ఆ చెయ్యి కదిలింది. లేచింది, పడింది. మళ్ళీ లేచింది. తను నేర్పినట్టే, మణికట్టు దగ్గర వదులుగా ఊపుతోంది.

కొత్త మీటరు ముల్లు కూడా ఊగుతోందని లోపల నుంచి సాంసన్ సార్ చూపించాడు.

విప్పి చూస్తే పంకా వేగాన్ని అదుపులో పెట్టే గవర్నర్‌లో నూనె మురికి గడ్డకట్టి ఉంది. వేడెక్కినప్పుడల్లా లోపలి కడ్డీ ఇరుక్కుంటోంది, వదులుతోంది. ఇంకెంతసేపు వదిలేదో, ఎప్పుడు పూర్తిగా ఇరుక్కునేదో ఎవరూ చెప్పలేరు. సుమన ఆ మురికిని వేలితో తీసి గుడ్డకు రాసి, చాలాసేపు చూసింది. అక్షయ దూరంగా క్యాంటీను మెట్ల మీద, హెడ్‌సెట్ ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది.

ఆఫీసులో మేనేజరు అరవలేదు. బల్ల వైపు చూస్తూ, పెన్ను అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు మాట్లాడాడు. వంచిన తల నుంచి చాంద్‌పాషాకు ఒక్క మాటా అందలేదు. సాంసన్ సార్ కళ్ళు దించుకోవడం చూసి, మాట ఎటు పోతోందో తెలుసుకున్నాడు. చివరికి మేనేజరు తలెత్తి అతని వైపు చూసి, మళ్ళీ సుమన వైపు చూశాడు. నువ్వే చెప్పు అన్నట్టు.

సుమన అతని ఎదురుగా వచ్చి నిలబడింది. అతనికి అందాలంటే గట్టిగా చెప్పాలి. తలుపు తీసి ఉంది. బయట ఎల్లేశ్ ఉన్నాడు, క్యాంటీను వాళ్ళు ఉన్నారు.

"రేపటిసంది రావద్దంటున్నరు చాచా. చెవుల దవాఖానకు పోయి చూపించుకోమంటున్నరు. తర్వాత గేటు కాడ ఏదన్న పనుంటే చెప్తరట."

"సరే" అన్నాడు చాంద్‌పాషా. ఈ ఏడాదిలో విని అన్న సరే అదొక్కటే.

బయటికి వచ్చాక ఎల్లేశ్ అతని భుజం మీద చెయ్యి వేసి, పైకి చూపించి, కోళ్ళఫారం వైపు చూపించి ఏదో జోకు చెప్పబోయి మధ్యలో మానేశాడు. చాంద్‌పాషా పంపు దగ్గర కూర్చొని చేతులు సబ్బుతో రుద్ది కడుక్కున్నాడు. గోళ్ళ చుట్టూ నలుపు ఎప్పట్లాగే పోలేదు. ఇంటికి పోతే ఖమర్ బీకి ముందు ఏది చెప్పాలి, పని పోయిందనా, ఇన్నాళ్ళ సరేల సంగతా? పని సంగతి చెప్పడమే సులువు అనిపించింది.

స్టోరులోంచి వేరే గవర్నర్ తెచ్చి అవతలి చివరే బిగిస్తున్నారు. సుమన నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుంటూ క్యాంటీనుకు పోయి, తనే ఒక గ్లాసు చాయ్ తెచ్చింది. పంపు దగ్గర నుంచి అతన్ని వెంటబెట్టుకొని పోయి, దాన్ని అవతలి చివర సామాన్ల బండి మీద పెట్టింది.

"ఉండు చాచా. ఇది నడిపి చూస్త. చూసి పోదువు."

అతను తలూపాడు. ఆమె లోపలికెక్కింది. పొద్దు వాలుతోంది, గడ్డి పసుపురంగు తిరిగింది. ఇంజన్లు లేచాయి. కాసేపు అతను తన జాగాలో నిలబడ్డాడు. రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి. తరువాత విమానం తోక వైపు నుంచి, పంకాలకు దూరంగా, షెడ్డు దగ్గరున్న స్కూటర్ వైపు నడిచాడు. రెండు ఇంజన్ల హోరులో ఆ స్కూటర్ కదిలిన చప్పుడు ఎవరికీ వినబడలేదు.

ఎడమ ఇంజన్‌ను, కుడి ఇంజన్‌ను కొద్దికొద్దిగా దగ్గరికి తెస్తూ సుమన అద్దంలోంచి బయటికి చూసింది. అక్కడ ఎవరూ లేరు. ఆమె కాసేపు ఆ ఖాళీ వైపే చూసి, ఒకవైపు హెడ్‌సెట్ పక్కకు జరిపి, తనే వినడం మొదలుపెట్టింది.

సామాన్ల బండి మీద, తాగకుండా వదిలేసిన చాయ్ మీది మీగడ సన్నగా, లేస్తూ పడుతూ వణికి, వణికి, నిలిచింది.